బోర్డు మీద లేనిదల్లా టార్గెట్టే: ఒక పది మీటర్ల రేంజ్‌లో నియమాలు తిరగరాసిన కేసు

ఒంగోలు నుంచి టంగుటూరు వైపు వచ్చే దారిలో, హైవేకి కాస్త లోపలికి, ఒకప్పుడు పొగాకు గ్రేడింగ్ జరిగిన రేకుల షెడ్డు అది. పొడవు 18 మీటర్లు, వెడల్పు 9. గ్రేడింగ్ ఆగిపోయాక దాన్ని ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ రేంజ్‌గా మార్చారు. ఆరు లేన్లు, ఒక్కోటి 1.2 మీటర్ల వెడల్పు. పొద్దున బడిపిల్లలు వస్తారు. సాయంత్రం పెద్దవాళ్లు: రొయ్యల చెరువుల రైతులు, చీమకుర్తి క్వారీల్లో పనిచేసేవాళ్లు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు. ఉన్న గన్నులన్నీ 4.5 మిల్లీమీటర్లవి, గాలితో పేలేవి. మందుగుండు తుపాకీ ఒక్కటి కూడా లేదు.

ఒక సాయంత్రం మూడో లేన్‌లో కాల్చిన పెల్లెట్ (గన్నులో పెట్టే చిన్న సీసం గుండు) వెనక్కి తిరిగి వచ్చి, ఐదో లేన్ వెనక కుర్చీలో కూర్చున్న కుర్రాడి చెంపకు తగిలింది. చర్మం తెగలేదు, కందింది అంతే. నాలుగు వేళ్లు పైన తగిలి ఉంటే కన్ను. ఆ సమయంలో మూడో లేన్‌లో టార్గెట్ ఏమిటని అడిగితే, ఎండిన టెంకాయ చిప్ప. కాల్చినతను తప్పు ఒప్పుకోలేదు. "బోర్డులో టెంకాయ చిప్ప అని లేదు గద సార్!" అన్నాడు. నిజమే, లేదు.

ఈ కేసు అంతా ఆ మాట చుట్టూనే తిరుగుతుంది. గోడ మీది బోర్డులో "కాల్చకూడనివి" అన్న శీర్షిక కింద 11 వస్తువులు ఉన్నాయి. గాజు సీసాలు, ట్యూబ్‌లైట్లు, పింగాణీ, రాళ్లు, బ్యాటరీలు, అగ్గిపెట్టెలు, స్ప్రే డబ్బాలు, ఇలా. ఒక్కో ప్రమాదం తర్వాత ఒక్కో పేరు చేరుస్తూ పోయినట్టు రంగు తేడాలోనే తెలిసిపోతోంది. నిషేధాల జాబితా ఎంత పెంచినా, ఇంట్లో, పొలంలో దొరికే వస్తువుల జాబితా దానికంటే పొడుగ్గానే ఉంటుంది. పైగా పన్నెండో వస్తువు తెచ్చినవాడు నియమం పాటించినట్టే లెక్క.

పెల్లెట్ ఆకారం చెప్పిన సంగతులు

నియమాలు రాయడానికి ముందు రెండు వారాల పాటు ఒకటే పని చేయించారు. రోజూ సాయంత్రం నేల మీద పెల్లెట్లను మూడు చోట్ల వేరువేరుగా ఏరడం: ట్రాప్‌ల (అట్ట వెనక పెల్లెట్లను పట్టే పెట్టెల) ముందు మీటరు లోపల, లేన్ల మధ్యలో, కాల్చేవాళ్లు నిలబడే ఫైరింగ్ లైన్ వెనక. మూడు డబ్బాలు, మూడు చీటీలు. ట్రాప్ ముందు కొన్ని రాలడం మామూలే. లేన్ మధ్యలో దొరికితే కారణం వెతకాలి. ఫైరింగ్ లైన్ వెనక ఒక్కటి దొరికినా ఆ రోజు ఆ లేన్ మూసెయ్యాలి.

సీసం మెత్తటి లోహం. దేనికి తగిలిందో దాని గుర్తు తన ఒంటి మీద ఉంచుకుంటుంది. రూపాయి బిళ్లలా పల్చగా, అంచులు చిట్లి ఉంటే ఎదురుగా ఉక్కుకు తగిలినట్టు. ఒక పక్క మాత్రం గీకినట్టు నున్నగా మెరుస్తుంటే సిమెంటు గచ్చును రాసుకుంటూ పోయినట్టు. ముక్కు కాస్త అణిగి, వెనక పావడా భాగం చెక్కుచెదరకుండా ఉంటే గట్టి కర్రకో, రబ్బరుకో తగిలి ఎగిరి వచ్చినట్టు. వీటన్నిట్లో చివరి రకమే ఎక్కువ ప్రమాదం. రూపాయి బిళ్లలా అయినది తన శక్తినంతా ఆ నలగడంలోనే ఖర్చు పెట్టేసింది. ఆకారం చెడనిది మాత్రం శక్తిలో కొంత మిగుల్చుకుని వెనక్కి వస్తుంది.

లెక్క చెప్పాలంటే, పోటీ రైఫిల్ నుంచి 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వస్తే దాని శక్తి 7.7 జౌల్స్ దాకా ఉంటుంది. చంపే తూటా కాదు. కానీ అందులో చిన్న వంతు మిగిలినా కంటికి చాలు.

ఏరిన వాటిని బట్టి వెతికితే ఐదు చోట్లు బయటపడ్డాయి.

మొదటిది తాటి దూలం. టార్గెట్ అట్టలు తగిలించే చట్రాన్ని పాత షెడ్డు కప్పు నుంచి తీసిన తాటి దూలాలతో చేశారు. ముదురు తాటి మాను పైపొర నల్లగా, ఇనుములా ఉంటుంది. గొడ్డలే జారుతుంది దాని మీద. అట్ట కింద అడ్డంగా పది సెంటీమీటర్ల దూలం బయటికే కనిపిస్తోంది. కొత్తగా నేర్చుకునే పిల్లల గురి కిందికి జారడం రోజూ ఉండేదే. దూలానికి తగిలిన ప్రతి పెల్లెట్టూ ఎటు తిరుగుతుందో చెప్పలేం. టెంకాయ చిప్ప చేసింది కూడా ఇదే: గట్టిది, పైగా గుండ్రనిది. బల్లపరుపు వస్తువు వచ్చిన దారినే తిప్పి పంపిస్తుంది. గుండ్రటిది పక్క లేన్‌కు పంపిస్తుంది.

రెండోది గ్రానైట్. ట్రాప్‌ల మధ్య గోడ దెబ్బతినకుండా చీమకుర్తి ఫ్యాక్టరీల్లో కోతకు మిగిలిన నల్ల గ్రానైట్ ముక్కలు అతికించారు. ఈ పక్క ఊళ్లలో అది దాదాపు ఊరికే దొరుకుతుంది, కనుక ఎవరికైనా తోచే ఆలోచనే. చూడటానికి కూడా బాగుంది. కానీ పాలిష్ చేసిన గ్రానైట్ సీసాన్ని ఆపదు, మళ్లిస్తుంది. దెబ్బ మీద దెబ్బ తగిలిన చోట అంచులు పెచ్చులుగా లేస్తాయి. రాతి పెచ్చు సీసం కంటే పదునైనది.

మూడోది నేల మీద పెట్టే టార్గెట్లు. కూల్ డ్రింక్ డబ్బాలు బోర్డులో లేవు కాబట్టి గచ్చు మీద వరుసగా పెట్టి కాల్చేవారు. అల్యూమినియం డబ్బా పల్చన, పెల్లెట్ దాటిపోతుంది, ఏం ప్రమాదమని వాదన. డబ్బాది ప్రమాదం కాదు, దాని వెనకున్నది. నిలబడినవాడి బ్యారెల్ 1.4 మీటర్ల ఎత్తున ఉంటుంది. పది మీటర్ల దూరానికి 1.4 మీటర్ల దిగుడు అంటే 8 డిగ్రీల కోణం. చెరువు నీళ్ల మీద పెంకు వేసినప్పుడు కప్ప గంతులు వేసేది ఇలాంటి వాలు కోణంలోనే. పెల్లెట్ గచ్చును రాసుకుని పైకి లేచి, ట్రాప్‌కీ నేలకీ మధ్య ఉన్న ఖాళీ గోడకు తగిలేది.

నాలుగోది ఎవరూ అనుమానించనిది: పిల్లల కోసం 5 మీటర్ల దగ్గర పెట్టిన స్టాండు. మంచి ఉద్దేశంతో పెట్టిందే. అట్ట కేంద్రం 1.40 మీటర్ల ఎత్తులో, నియమం ప్రకారమే ఉంది. అయితే పదేళ్ల పిల్ల భుజానికి ఆన్చిన రైఫిల్ 1.10 మీటర్ల ఎత్తులో ఉంటుంది. 5 మీటర్లలో 30 సెంటీమీటర్లు ఎక్కిన పెల్లెట్, మిగిలిన 5 మీటర్లలో ఇంకో 30 ఎక్కుతుంది. అంటే పది మీటర్ల దగ్గర 1.70. ట్రాప్ నోరు 50 సెంటీమీటర్ల చదరం, 1.15 నుంచి 1.65 వరకు. సరిగ్గా అట్ట నడిమధ్య పది కొట్టిన పెల్లెట్ కూడా ట్రాప్ పైనుంచి పోయి గోడకు తగులుతోంది! ఒకటి రెండు లేన్లలో ట్రాప్ పై అంచుకు నాలుగైదు సెంటీమీటర్ల పైన గోడ మీద వరుసగా సీసం మచ్చలు ఉన్నాయి. వాటిని అంతకుముందు గురి తప్పినవని అనుకున్నారు. గురి తప్పినవైతే చెల్లాచెదురుగా ఉండాలి, గుంపుగా ఉండవు.

ఐదోది ఆన్‌లైన్‌లో కొన్న ఇనుప చక్రాల టార్గెట్. కొడితే గిర్రున తిరుగుతుంది. దాన్ని ట్రాప్‌కు మీటరు ముందు, పక్కకు ఏ అడ్డూ లేకుండా నిలబెట్టారు. ఇనుప రేకుకు ఎదురుగా తగిలిన సీసం ముక్కలై రేకు తలానికి సమాంతరంగా, చుట్టూ పళ్లెంలా చిమ్ముతుంది. అది పక్క లేన్లోకే. చౌక రేకు కాబట్టి నెల తిరక్కుండానే గుంటలు పడ్డాయి. గుంట పడిన రేకు ఇక చుట్టూ చిమ్మదు, గిన్నెలా పట్టి ఎదురుగా విసురుతుంది.

తలకిందులైన జాబితా

కొత్త బోర్డులో నిషేధించిన వస్తువుల పేర్లు ఒక్కటీ లేవు. అనుమతించినవి మాత్రమే ఉన్నాయి. ఆ జాబితాలో లేనిది, అది దూదిపింజ అయినా సరే, టార్గెట్ కాదు. వాదించడానికి చోటు అక్కడే పోయింది.

అనుమతించిన మొదటి రెండూ పోటీ అట్టలే. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ అట్ట 80 మిల్లీమీటర్ల చదరం. అందులో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. తొమ్మిదో వలయం 5.5, ఆపైన ఒక్కో వలయానికి 5 మిల్లీమీటర్లు పెరుగుతూ ఒకటో వలయం 45.5. నల్లటి భాగం 30.5. ఎయిర్ పిస్టల్ అట్ట 170 మిల్లీమీటర్ల చదరం. పదో వలయం 11.5, ఆపైన 16 చొప్పున పెరిగి ఒకటో వలయం 155.5, నల్ల భాగం 59.5. అట్ట కేంద్రం నేల నుంచి 1.40 మీటర్లు, అటూ ఇటూ 5 సెంటీమీటర్లు. ఫైరింగ్ లైన్ నుంచి అట్ట ముఖానికి 10 మీటర్లు, ఇక్కడా అటూ ఇటూ 5 సెంటీమీటర్లే. అట్ట మీద వెలుతురు కనీసం 1500 లక్స్. ఈ షెడ్డులో ఒక ట్యూబ్‌లైట్ కింద అది సగం కూడా రావట్లేదు. ట్రాప్ ముందు పైన, షూటర్ కంటికి కనబడని ఇనుప మూత వెనక, లేన్‌కు ఒకటి చొప్పున ఎల్ఈడీ పట్టీలు పెడితే సరిపోయింది.

అట్టలు ఎక్కడివి అన్నది తేలిక ప్రశ్న కాదు. పోటీ అట్ట మందంగా, మెరుపు లేకుండా ఉంటుంది. పెల్లెట్ దూరితే పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రటి బొక్క పడుతుంది. రోజువారీ సాధనకు ఖర్చు ఎక్కువని రేంజ్ వాళ్లు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించారు. దాంట్లో రెండు తప్పులు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం చిరుగుతుంది, నక్షత్రంలా చీలుతుంది. వలయానికి తగిలిందా లేదా అన్నది ఇక ఎవరి నోరు పెద్దదైతే వారిది. రెండోది కంటికి కనపడదు. ప్రింట్ తీసేటప్పుడు పేజీకి సరిపడా కుదించే సెట్టింగ్ అలాగే వదిలేశారు. 96 శాతానికి కుదిరితే 59.5 ఉండాల్సిన నలుపు 57.1 అవుతుంది, 30.5 కాస్తా 29.3. ఆ పిల్లలు నెలల తరబడి చిన్న నలుపు మీద సైట్ (గన్ను మీద గురి చూసే అమరిక) సరిచేసుకుని, జిల్లా పోటీకి వెళ్లి అసలు అట్ట చూసి తికమకపడతారు. అందుకే కొత్త నియమం: ప్రతి కట్టలో మొదటి అట్టనూ చివరి అట్టనూ వెర్నియర్ కాలిపర్‌తో కొలవాలి. నలుపు అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఆ కట్ట అంతా గురి సాధనకు కాదు, ట్రిగ్గర్ సాధనకు పోతుంది. కాగితం 200 జీఎస్ఎం, మెరుపు లేనిది. సముద్రం గాలికి అట్టలు నెమ్ముతాయి, కాబట్టి మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాలి. నెమ్మిన అట్ట ముంజకాయ కోసినట్టు మెత్తగా తెగి, అంచులు లోపలికి ముడుచుకుంటాయి.

మూడోది తెల్ల అట్ట, దాని మీద ఏ గుర్తూ ఉండదు. కొత్తవాళ్లకు ఇదే మేలు. నలుపు కనిపిస్తే కన్ను దాని వెంట పరుగెత్తుతుంది, సైట్ వదిలేస్తుంది.

నాలుగోది బెలూన్, షరతులతో. దీని మీద చాలా వాదన నడిచింది. పిల్లలకు తిరునాళ్ల బెలూన్ షూటింగ్ అంటే పిచ్చి, దాన్ని పూర్తిగా కాదనడం మంచిది కాదని కోచ్ పట్టు. పైనుంచి దారంతో వేలాడదీస్తే, 2.2 మీటర్ల ఎత్తులో బెలూన్ వైపు ఎత్తిన బ్యారెల్ లైను ట్రాప్‌కు అర మీటరు పైనుంచి పోతుంది. కనుక వేలాడదీయడం లేదు. ట్రాప్ నోటికి అడ్డంగా అట్ట, అట్టకు అతికించిన బెలూన్లు, అంచు నుంచి కనీసం 10 సెంటీమీటర్లు లోపలికి. నోటితోనో పంపుతోనో ఊదినవే, గ్యాస్ నింపినవి కాదు. ఊదిన తర్వాత సైజు 15 సెంటీమీటర్లు మించకూడదు. పేలిన రబ్బరు ముక్కలు ట్రాప్‌లో సీసంతో కలిసిపోతే మళ్లీ వేరు చేయడం పెద్ద పని, కాబట్టి బెలూన్ రోజు ట్రాప్ ముందు వేరే సంచి.

ఇంతే. నాలుగే. ఇనుప చక్రం జాబితాలోకి రాలేదు. ట్రాప్ లోపలే వేలాడుతూ, పైభాగం ముందుకు వంగి, సీసాన్ని కిందికి దించే ఏర్పాటు ఉంటే పెద్దవాళ్ల సమయంలో పెట్టవచ్చు. కానీ రోజూ దాని ముఖం గుంటలు పడిందా అని వేలితో తడిమి చూసే మనిషి కావాలి. అలాంటి మనిషి లేని చోట ఇనుప టార్గెట్ వద్దు.

బొమ్మల సంగతి

ఈ భాగం భౌతికశాస్త్రం కాదు, లోకజ్ఞానం. మనిషి ఆకారం, పక్షి, జంతువు ఆకారం ఉన్న టార్గెట్లు ఈ రేంజ్‌లో లేవు. పోలీసు శిక్షణలో మనిషి ఆకారపు టార్గెట్లు వాడతారు, అది వారి పని. బడిపిల్లలు కాల్చే చోట అవసరం లేదు.

పక్షుల విషయంలో ఇంకో కారణం ఉంది. సాయంత్రం వచ్చే రొయ్యల రైతుల్లో కొందరికి అసలు ఆసక్తి చెరువు మీద వాలే నీటికాకుల మీద, కొంగల మీద. పక్షి బొమ్మ పెడితే సాధన దేనికో స్పష్టమే. నీటికాకైనా, కొంగైనా వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద రక్షణ ఉన్నవే. గన్నుకు లైసెన్స్ అక్కర్లేదు కదా అంటే, ఆ వెసులుబాటు గన్ను దగ్గర ఉంచుకోవడానికి; పక్షి మీద కాల్చడానికి కాదు. రైతుకు అసలు దారి చెరువు మీద తీగలు లాగడం, వల కప్పడం. సభ్యత్వ ఫారంలో ఈ సంగతి ఒక వాక్యంగా పెట్టి సంతకం తీసుకుంటున్నారు.

ఫొటోలు, పోస్టర్లు, జెండాలు, పార్టీ గుర్తులు కూడా వద్దు. ఎన్నికల ముందు ఎవరో ఒకరు తప్పకుండా తెస్తారు. సినిమా ఫ్లెక్సీ అయితే మరీను. ఏ హీరో ముఖం మీద బొక్క పడినా, ఆ హీరో అభిమాన సంఘం టంగుటూరులోనో కొండపిలోనో ఉండనే ఉంటుంది. ఇదంతా తేలిగ్గా తెలిసేదే. తెలియనిది ఒకటుంది: అట్ట వెనక పెట్టే దళసరి కాగితం. ఖర్చు కలిసొస్తుందని పాత క్యాలెండర్లు, శుభలేఖలు వాడేవారు. శుభలేఖ మంచి మందపు కాగితం, పని బాగా చేస్తుంది. కానీ పైన వినాయకుడు, క్యాలెండర్ మీద వెంకటేశ్వరస్వామి. రోజు చివర బొక్కలు పడిన దేవుడి బొమ్మలు చెత్తలో కనిపిస్తే ఎంత దూరం పోతుందో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వెనక వాడేది ఏ అచ్చూ లేని గోధుమరంగు అట్టే, కార్టన్ షాపు నుంచి షీట్లుగా.

తిండి వస్తువులు కూడా జాబితాలో లేకపోవడం వల్ల ఆగిపోయాయి. అంతకుముందు అప్పడాలు, పిప్పరమెంట్లు కట్టి కాల్చిన రోజులున్నాయి. అప్పడం పగిలితే చూడ్డానికి ముచ్చటే. కానీ సీసం పొడి అంటిన ముక్కలకు ముందు చీమలు, తర్వాత ఎలుకలు, ఆ తర్వాత పక్కింటి కోళ్లు. ఆ కోడి చివరికి ఎవరింటి కూరలోకి పోతుందో ఊహించుకోవచ్చు.

కొత్త టార్గెట్ ఎవరైనా తెస్తే

మూసేసిన జాబితా అంటే శాశ్వతంగా మూసేసినట్టు కాదు. కొత్తది చేర్చాలంటే పరీక్ష ఉంది. రేంజ్ మూసి, కోచ్, ఇంకొక్క మనిషి మాత్రమే, ఇద్దరికీ కంటి అద్దాలు. టార్గెట్‌ను ట్రాప్ నోట్లో పెట్టాలి. దానికి ముందు 1 మీటరు దగ్గర ఒకటి, 3 మీటర్ల దగ్గర ఒకటి వెదురు చట్రాలు నిలబెట్టి పాత దినపత్రిక బిగించాలి. పత్రిక మధ్యలో కాల్చడానికి 20 సెంటీమీటర్ల బొక్క. ఇరవై షాట్లు: పది మధ్యకు, పది కావాలని అంచులకు. అంచు షాట్లు తప్పించకూడదు, బయటపడేదంతా అక్కడే.

తర్వాత పత్రికలను వెలుతురుకు ఎత్తి చూడాలి. 1 మీటరు పత్రికలో చిరుగులుంటే చిమ్ముతోందని అర్థం, ఏర్పాటు మార్చి మళ్లీ పరీక్ష. 3 మీటర్ల పత్రికకు ఒక్క చిరుగు పడినా తిరస్కారం, మళ్లీ పరీక్ష లేదు. ఇరవై పెల్లెట్లూ ఎక్కడున్నాయో లెక్క తేలాలి. పంతొమ్మిది దొరికి ఒకటి దొరక్కపోతే అది తిరస్కారమే. రేంజ్ వాళ్లు ముందుగా మెచ్చుకుని తెచ్చిన పాత టైరు ముక్క ఈ పరీక్షలో మొదటి ఐదు షాట్లకే పోయింది. టైరు రబ్బరు పెల్లెట్‌ను మింగదు, వచ్చినదాన్ని వచ్చినట్టే పంపుతుంది.

టార్గెట్ నియమం పెల్లెట్ నియమం లేకుండా నిలవదు. సీసం పెల్లెట్లే, ముందు భాగం బల్లపరుపుగా ఉన్నవే. ఉక్కు గోళీలు, ఉక్కు మొన ఉన్నవి, ఇంట్లో చేసిన బాణం ముక్కలు లోపలికి రావు. ఉక్కు గోళీ నలగదు కాబట్టి అట్ట మీద కాల్చినా ట్రాప్ రేకు నుంచి గట్టిగా తిరిగి వస్తుంది. లోపలికి వచ్చేటప్పుడు పెల్లెట్ డబ్బాకు అయస్కాంతం తాకించి చూస్తారు. పది రూపాయల అయస్కాంతం, దాంతో వాదన ఉండదు.

వెనక గోడ

తాటి చట్రం తీసేసి, అట్టలను ట్రాప్ నోటికే క్లిప్పులతో తగిలించారు. ఇప్పుడు అట్ట చుట్టూ కనిపించే గట్టి వస్తువేదీ లేదు. గ్రానైట్ ముక్కలు ఊడగొట్టారు. గోడ మొత్తానికి 2 మిల్లీమీటర్ల ఇనుప రేకు, దాని ముందు 15 సెంటీమీటర్ల ఎడంతో, పైన మాత్రమే కట్టి కింద వదిలేసిన రెండు పొరల పరదా. పొగాకు బేళ్లకు వాడే గోనె పట్టా ఒక పొర, పాత జంపఖానా ఇంకో పొర. వదులుగా వేలాడటమే కీలకం. బిగించి కట్టిన గుడ్డను పెల్లెట్ చీల్చుకుపోతుంది. వదులుగా ఉన్నది వెనక్కి జరిగి, పెల్లెట్ ఊపును లాగేసుకుని, కింద రాల్చేస్తుంది. మొదటి వారం పనివాళ్లు గాలికి ఊగుతోందని కింద కూడా మేకులు కొట్టారు. మర్నాటికే పొరలో బొక్కలు. మేకులు పీకించాల్సి వచ్చింది.

ట్రాప్ లోపల 3 మిల్లీమీటర్ల రేకు 45 డిగ్రీల వాలుతో, పెల్లెట్‌ను కింది పెట్టెలోకి దించుతుంది. రెండు ట్రాప్‌లు మాత్రం మెత్తటి పుట్టీ నింపినవి. వాటితో తిప్పలు ఎక్కువ. నిశ్శబ్దంగా ఉంటాయి నిజమే, కానీ అందరూ మధ్యలోనే కొడతారు కాబట్టి మధ్యలో సీసం గడ్డ కడుతుంది. అప్పుడు సీసానికి సీసం తగిలి వెనక్కి ఉమ్ముతుంది. మెత్తగా "టప్" అనాల్సిన శబ్దం "టక్" అన్న రోజే పుట్టీ తవ్వి సీసం తీసి మళ్లీ అదమాలి. శబ్దం మారడం వినగలగాలంటే ఆ పక్కన స్పీకర్లో పాటలు ఉండకూడదు. బోర్డులో ఆ సంగతి కూడా ఉంది.

శుభ్రం చేయడంలో చీపురు పనికిరాదు, సీసం పొడి గాల్లోకి లేస్తుంది. తడిగుడ్డతో తుడవడం, ఆ గుడ్డను విడిగా పెట్టడం. కాల్చాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పిల్లలకు టిఫిన్ డబ్బా ముట్టనివ్వరు. పోగయిన సీసం కావాలని కొత్తపట్నం వైపు నుంచి వలలు అల్లేవాళ్లు అడిగారు, వల గుళ్లు పోసుకోవడానికి. ఇవ్వలేదు. ఇంటి వెనక మూకుట్లో సీసం కరిగిస్తే ఆ పొగ ముందు పీల్చేది పిల్లలే. మూతున్న డబ్బాలో పోగేసి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే ఇస్తున్నారు.

పిల్లల 5 మీటర్ల స్టాండు పూర్తిగా పోయింది. దాని బదులు పొట్టి పిల్లలకు 25 సెంటీమీటర్ల ఎత్తు చెక్క పీట. బ్యారెల్ 1.35కి వస్తుంది, అట్ట ట్రాప్ దగ్గరే ఉంటుంది. టార్గెట్ ట్రాప్ నోటికి ఆనుకునే ఉండాలన్నది బోర్డులో మొదటి వాక్యం. మిగతా నియమాల్లో సగం దాని నుంచే పుట్టాయి.

మిగిలిపోయినది

యజమాని ఇప్పుడు 0.22 రైఫిల్ (0.22 అంగుళాల మందుగుండు తుపాకీ) లేన్ ఒకటి పెట్టాలంటున్నారు, చీమకుర్తి దగ్గర పని ఆపేసిన క్వారీ గుంటలో. నాలుగు వైపులా ముప్పై అడుగుల రాతి గోడ, ఇంతకంటే భద్రత ఏముందని ఆయన ప్రశ్న. ఆయుధాల చట్టం, 1959, ఆయుధాల నియమాలు, 2016 కింద కావలసిన అనుమతులు పక్కన పెట్టినా, ఈ షెడ్డు కోసం రాసిన జాబితాలో ఒక్క వాక్యం కూడా అక్కడికి పనికిరాదు. 0.22 తూటా బరువు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 330 మీటర్ల దరిదాపు. శక్తి ఇక్కడి పెల్లెట్‌కు పద్దెనిమిది రెట్లు. పరదా దాన్ని ఆపదు. గుంట గోడలు నిలువుగా కోసిన గ్రానైట్, అడుగున ఏడాదిలో ఎక్కువ నెలలు నీళ్లు. అంటే గోడా మళ్లిస్తుంది, నేలా మళ్లిస్తుంది. రాళ్లు లేకుండా జల్లించిన మట్టితో ఎదురు గోడ ముందు కట్ట పోసి, అడుగు నీళ్లు తోడి, పైకి పోయే లైను కప్పే అడ్డు చట్రాలు పెట్టాక మాత్రమే టార్గెట్ల మాట. క్రషర్ డస్ట్ (రాళ్లు పగలగొట్టే చోట మిగిలే పొడి) చౌకగా వస్తుందని ఆయన దాంతో కట్ట పోయిద్దామన్నారు. అందులో చిన్న కంకర కలిసి ఉంటుంది. జల్లెడ పట్టించి చూపిస్తే, ఒక్క తట్టలోనే దోసెడు కంకర తేలింది.